ఆర్‌వీకి షోర్ పవర్ సరిగా అందనప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర అమెరికా క్యాంప్‌గ్రౌండ్లలో ఆర్‌వీని, అంటే ఇల్లులా వాడుకునే ప్రయాణపు బండిని, కరెంటు స్తంభానికి, అంటే పెడెస్టల్‌కు, తగిలించిన తర్వాత తలెత్తే సందేహాలు పెద్దగా మారవు. అలా బయటి నుంచి బండికి వచ్చే కరెంటునే షోర్ పవర్ అంటారు. అడిగేవారు కొత్తవారు, ప్రశ్నలు మాత్రం పాతవే. వాటిని పని జరిగే క్రమంలో ఇక్కడ చేర్చాము. ప్రతి జవాబూ దానికదే చదువుకోగలిగేలా ఉండాలని కొన్ని హెచ్చరికలను ఒకటికి రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. అమెరికా ఎలక్ట్రీషియన్లు ‘హాట్’ అనే వైరును మనకు అలవాటైన ‘ఫేజు’ అనీ, ‘గ్రౌండ్’ అనే వైరును ‘ఎర్తు’ అనీ రాశాము.

## ప్లగ్ పెట్టకముందు

30 ఆంప్‌కూ 50 ఆంప్‌కూ తేడా 20 ఆంపులేనా?

కాదు, తేడా మూడు రెట్లకు మించి ఉంటుంది. 30 ఆంప్ ప్లగ్‌కు మూడు పిన్నులు ఉంటాయి: ఒక ఫేజు, ఒక న్యూట్రల్, ఒక ఎర్తు. దానిలో వచ్చేది 120 వోల్టులు కాబట్టి మొత్తం సామర్థ్యం 3,600 వాట్లు. 50 ఆంప్ ప్లగ్‌కు నాలుగు పిన్నులు ఉంటాయి, వాటిలో రెండు ఫేజులు; ఒక్కొక్క ఫేజు 120 వోల్టుల వద్ద 50 ఆంపులు ఇవ్వగలదు కాబట్టి మొత్తం 12,000 వాట్లు అవుతుంది. రెండు ఫేజుల మధ్య 240 వోల్టులు ఉన్నప్పటికీ, ఎక్కువ ఆర్‌వీలలో పరికరాలన్నీ 120 వోల్టులవే. ఆ రెండు ఫేజులు ఆర్‌వీ లోపలి బ్రేకర్ల పెట్టెలో, అంటే పానెల్‌లో, పరికరాలను చెరి సగం పంచుకుంటాయి. 50 ఆంప్ ఆర్‌వీలలో కనిపించే వింత లోపాలలో చాలావాటికి మూలం ఈ పంపకంలోనే ఉంటుంది.

పెడెస్టల్ బాగుందో లేదో ప్లగ్ పెట్టకముందే ఎలా తెలుసుకోవాలి?

ముందు కళ్లతో చూడాలి. సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ కరిగినా, నల్లబడినా, ప్లగ్ పెట్టినప్పుడు వదులుగా ఊగినా ఆ స్థలాన్ని మార్చమని అడగడమే మంచిది. తర్వాత మల్టీమీటరును ఆల్టర్నేటింగ్ వోల్టేజీ వైపు తిప్పి కొలవాలి. 30 ఆంప్ సాకెట్‌లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య సుమారు 120, ఫేజుకూ ఎర్తుకూ మధ్య సుమారు 120, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య దాదాపు సున్నా రావాలి. 50 ఆంప్ సాకెట్‌లో ఒక్కొక్క ఫేజు నుంచి న్యూట్రల్‌కు 120, రెండు ఫేజుల మధ్య 240 రావాలి. మూడు ఫేజుల సరఫరా ఉన్న కొన్ని పార్కులలో ఈ రెండవ అంకె 208 ఉంటుంది, అది లోపం కాదు. రెండు ఫేజుల మధ్య సున్నా వస్తే మాత్రం జాగ్రత్తపడాలి: రెండు పిన్నులకూ ఒకే ఫేజు ఇచ్చారని అర్థం, అప్పుడు రెండు వైపుల కరెంటూ ఒకదానినొకటి రద్దు చేసుకోకుండా న్యూట్రల్ వైరు మీదనే కలిసి పడుతుంది.

లోడు లేనప్పుడు తీసుకున్న కొలత సగం నిజమే చెబుతుంది. తుప్పుపట్టిన కనెక్షన్ కూడా మీటరుకు చక్కగా 120 చూపించి, ఏసీ వేయగానే 100కు పడిపోగలదు. అందువల్ల ప్లగ్ పెట్టి, లోపల ఒక పెద్ద పరికరాన్ని వేసి, లోపలి సాకెట్‌లో మరోసారి కొలిచిన తర్వాతే పరీక్ష పూర్తయినట్లు భావించాలి.

30 ఆంప్ సాకెట్‌లో 240 వోల్టులు వచ్చే అవకాశం నిజంగా ఉందా?

ఉంది, ముఖ్యంగా ఇళ్లలో కొత్తగా పెట్టించుకున్న సాకెట్లలో. ఆర్‌వీల కోసం ఉద్దేశించిన టీటీ-30 సాకెట్ చూడటానికి బట్టలారబెట్టే యంత్రపు పాత 240 వోల్టుల సాకెట్‌ను పోలి ఉంటుంది. ఆర్‌వీ పని తెలియని ఎలక్ట్రీషియన్ ‘30 ఆంప్ అంటే 240 వోల్టులే’ అనుకొని రెండు ఫేజులు కలిపేస్తాడు. ఆ సాకెట్‌కు ఆర్‌వీని తగిలిస్తే మైక్రోవేవ్, టీవీ, బ్యాటరీని నింపే కన్వర్టరు వంటివి క్షణాలలో కాలిపోవచ్చు. ఇంట్లో పెట్టించిన సాకెట్‌ను మొదటిసారి వాడేముందు మల్టీమీటరుతో 120 ఉందని మీరే చూసుకోవాలి, పని చేసినవారి మాట మీద వదిలేయకూడదు.

ప్లగ్ పెట్టేటప్పుడు పెడెస్టల్ బ్రేకర్ ఆపి ఉండాలా?

తప్పనిసరిగా ఆపి ఉండాలి. లోపలి ఏసీ, వాటర్ హీటర్ వంటివి కూడా ముందే ఆపాలి. కరెంటు ప్రవహిస్తుండగా ప్లగ్ పెట్టినా, లాగినా పిన్నుల మధ్య నిప్పురవ్వ లేచి లోహం మీద గుంటలు పడతాయి. ఆ గుంటలే తర్వాత వేడెక్కే చోట్లు. బ్రేకర్ ఆపి, ప్లగ్‌ను చివరిదాకా నొక్కి, ఆర్‌వీ వైపు తిప్పి బిగించే రకం కనెక్టరు ఉంటే దాని రింగును బిగించి, ఆ తర్వాతే బ్రేకర్ వేయాలి. తీసేటప్పుడు ఇదే క్రమం తలకిందులుగా నడుస్తుంది.

సర్జ్ ప్రొటెక్టర్ ఉంది కదా, ఈఎంఎస్ కూడా ఎందుకు?

సర్జ్ ప్రొటెక్టర్ పిడుగుపాటు వంటి కారణాలతో క్షణకాలం ఎగసే వోల్టేజీని మాత్రమే పీల్చుకుంటుంది. గంటల తరబడి 100 వోల్టులే వస్తున్నా, న్యూట్రల్ తెగినా అది చూస్తూ ఊరుకుంటుంది. ఈఎంఎస్ అని పిలిచే రక్షణ పరికరం వోల్టేజీని నిరంతరం గమనిస్తూ, హద్దు దాటితే ఆర్‌వీకి కరెంటును పూర్తిగా కోసేస్తుంది. తప్పు వైరింగ్ కనిపిస్తే అసలు లోపలికే రానివ్వదు. ఆర్‌వీ కొన్న కొత్తలో అలంకారానికి ఖర్చుపెట్టేవారు దీన్ని వాయిదా వేయడం తరచూ చూస్తుంటాము. మా దృష్టిలో మొదట కొనవలసినది ఇదే.

## ప్లగ్ పెట్టారు, కరెంటు రాలేదు

లైట్లు వెలుగుతున్నాయి, నీళ్ల పంపు పనిచేస్తోంది, కానీ ప్లగ్ పాయింట్లలో కరెంటు లేదు. ఇదేమిటి?

ఆర్‌వీలో రెండు వేర్వేరు వ్యవస్థలు ఉంటాయి. లైట్లు, నీళ్ల పంపు, ఫర్నేస్ ఫ్యాను వంటివి బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల మీద నడుస్తాయి. గోడ సాకెట్లు, మైక్రోవేవ్, ఏసీ మాత్రం 120 వోల్టుల మీద నడుస్తాయి. కాబట్టి లైట్లు వెలగడం షోర్ పవర్ వస్తోందనడానికి రుజువు కాదు. మైక్రోవేవ్ గడియారం వెలుగుతోందో లేదో చూడాలి. అది వెలుగుతూ సాకెట్లు మాత్రమే పనిచేయకపోతే కరెంటు లీకైతే తనే కోసేసే జీఎఫ్‌సీఐ సాకెట్ ట్రిప్ అయి ఉండే అవకాశం ఎక్కువ. బాత్రూంలోనో వంటింట్లోనో ఉండే ఆ ఒక్క సాకెట్, బయటి గోడ మీది సాకెట్లతో సహా అనేకం మీద అధికారం చెలాయిస్తుంది. దాని రీసెట్ బటన్ గట్టిగా నొక్కితే చాలాసార్లు కథ అక్కడితో ముగుస్తుంది. ఇన్వర్టరు ఉన్న ఆర్‌వీలలో కొన్ని సాకెట్లకు కరెంటు దాని గుండానే వెళుతుంది కాబట్టి ఇన్వర్టరు మీద ఉండే చిన్న బ్రేకర్‌ను కూడా చూడాలి.

అసలు 120 వోల్టులతో నడిచేది ఏదీ పనిచేయడం లేదు. ఎక్కడి నుంచి వెతకాలి?

కరెంటు వచ్చే దారినే పట్టుకొని, స్తంభం వైపు నుంచి లోపలికి వెతకాలి. లోపలి పానెల్ విప్పడంతో మొదలుపెట్టేవారు గంటలు పోగొట్టుకొని, చివరకు పెడెస్టల్ బ్రేకర్ పడి ఉందని కనుక్కుంటారు.

మొదట పెడెస్టల్ బ్రేకర్. ట్రిప్ అయిన బ్రేకర్ పిడి కొన్నిసార్లు మధ్యలో ఆగుతుంది, చూడటానికి ఆన్‌లో ఉన్నట్లే ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆఫ్ వైపు నెట్టి, ఆ తర్వాతే ఆన్ చేయాలి. అదే పెడెస్టల్‌లోని 20 ఆంప్ సాకెట్‌కు ఒక చిన్న దీపం తగిలిస్తే స్తంభానికి సరఫరా ఉందో లేదో ప్రాథమికంగా తెలుస్తుంది. వాడుతున్న సాకెట్‌లో కొలిస్తే మాత్రమే నిర్ధారణ అవుతుంది.

పెడెస్టల్ దగ్గర కరెంటు ఉంటే తర్వాతిది కార్డు, అంటే అక్కడి నుంచి ఆర్‌వీకి కరెంటు తెచ్చే లావాటి వైరు. ప్లగ్ తీసి పిన్నులు చూడాలి, ఆర్‌వీ వైపు కనెక్టరును కూడా విప్పి చూడాలి, ఎందుకంటే వదులుగా బిగించినప్పుడు కరిగేది తరచూ ఆ వైపే. కార్డు రెండు చివర్లూ బయట ఉన్నప్పుడు, అంటే ఎక్కడా కరెంటుకు తగిలించకుండా, ఒక్కొక్క వైరు ఈ చివర నుంచి ఆ చివరకు తెగకుండా ఉందో లేదో మల్టీమీటరుతో పరీక్షించవచ్చు.

కార్డు కూడా బాగుంటే ఈఎంఎస్, షోర్ పవర్‌కూ జనరేటరుకూ మధ్య మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్, చివరగా ఆర్‌వీ పానెల్‌లోని మెయిన్ బ్రేకర్ మిగులుతాయి. ఈఎంఎస్‌లు చాలావరకు ప్లగ్ పెట్టగానే కరెంటు వదలవు. ఏసీ కంప్రెసర్‌ను కాపాడటానికి కొన్ని రెండు నిమిషాలకు పైగా ఆగుతాయి. ఆ రెండు నిమిషాల ఓపిక లేక పార్కు సిబ్బందిని పిలిపించినవారు తక్కువేమీ కాదు. ఈ మూడింటి మూతలు విప్పి కొలవవలసి వస్తే ఆ పని ఎలక్ట్రీషియన్‌కు అప్పగించాలి.

50 ఆంప్ ఆర్‌వీలో సగం వస్తువులే పనిచేస్తున్నాయి. మిగతా సగానికి ఏమైంది?

రెండు ఫేజులలో ఒకటి రావడం లేదు. ముందున్న ఏసీ పనిచేసి వెనుకది పనిచేయకపోవడం, మైక్రోవేవ్ ఆగిపోయి ఫ్రిజ్ నడవడం ఈ లోపానికి సాధారణ రూపాలు. పెడెస్టల్‌లో ఒక్కొక్క ఫేజునూ న్యూట్రల్‌తో విడిగా కొలిస్తే విషయం తేలిపోతుంది. అక్కడ రెండూ 120 చూపిస్తే, కాలిన పిన్ను లేదా ట్రాన్స్‌ఫర్ స్విచ్‌లో ఒక కాంటాక్టు మాడిపోవడం కారణం కావచ్చు. రెండు వైపులా వోల్టేజీ ఉండి, ఒకవైపు ఎక్కువ, మరొకవైపు తక్కువ చూపిస్తుంటే మాత్రం అది ఫేజు పోవడం కాదు, న్యూట్రల్ తెగడం; వెంటనే బ్రేకర్ ఆపేయాలి.

ఈఎంఎస్ ఎర్రర్ కోడ్ చూపించి కరెంటును లోపలికి వదలడం లేదు. బైపాస్ చేయవచ్చా?

ఈఎంఎస్ చెడిపోయిందని నిర్ధారణ అయ్యేదాకా చేయకూడదు. కోడ్ అర్థం ఆ పరికరం మీద అతికించిన పట్టికలోనే సాధారణంగా ఉంటుంది. ఒకే కోడ్ ఒక పెడెస్టల్ దగ్గర వచ్చి పక్క పెడెస్టల్ దగ్గర రాకపోతే లోపం మొదటి పెడెస్టల్‌ది. ఎక్కడ తగిలించినా అదే కోడ్ వస్తుంటే కార్డునూ అడాప్టరునూ అనుమానించాలి, చివరగా మాత్రమే ఈఎంఎస్‌ను. బైపాస్ స్విచ్ ఉన్నది పరికరమే పాడైనప్పటి కోసం. అది చెప్పే మాట నచ్చనప్పటి కోసం కాదు.

ప్లగ్ పెట్టగానే గుర్‌మని శబ్దం వస్తోంది, కరెంటు వచ్చిపోతోంది. కారణం ఏమిటి?

జనరేటరు ఉన్న ఆర్‌వీలలో షోర్ పవర్‌కూ జనరేటరుకూ మధ్య మార్చేది ట్రాన్స్‌ఫర్ స్విచ్. దానిలోని రిలే కాయిల్‌కు తగినంత వోల్టేజీ అందకపోతే కాంటాక్టులు గట్టిగా పట్టుకోలేక కొట్టుకుంటాయి, ఆ చప్పుడే మీకు వినిపిస్తున్నది. కొట్టుకునే కొద్దీ అవి మాడతాయి. ముందు పెడెస్టల్ వోల్టేజీ కొలవండి. అది సరిగా ఉంటే స్విచ్‌ను విప్పించి చూడాలి. లోపల ఒకేసారి రెండు వైపుల నుంచి కరెంటు ఉండే అవకాశం ఉంది కాబట్టి షోర్ పవర్, జనరేటరు, ఇన్వర్టరు మూడూ ఆపకుండా ఆ మూత తీయకూడదు.

## వెంటనే ఆపవలసిన సందర్భాలు

తలుపు పిడి పట్టుకుంటే జివ్వుమంటోంది. చిన్న షాకే కదా, ఫర్వాలేదా?

ఫర్వాలేదనుకోకూడదు. ఈ జాబితాలో ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న ఇదే. ఆర్‌వీ లోహపు శరీరమంతా ఎర్తు వైరు ద్వారా భూమి వోల్టేజీకి కట్టుబడి ఉండాలి. ఆ ఎర్తు ఎక్కడో తెగినప్పుడు, పరికరాల నుంచి లీకయ్యే కరెంటు పోయే దారి లేక బండి శరీరం మీదనే నిలుస్తుంది; రబ్బరు టైర్లు దాన్ని నేలకు చేరనివ్వవు. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి పిడి పట్టుకున్న మనిషి ద్వారా అది నేలకు దిగుతుంది. పొడి నేల మీద జివ్వుమన్నది వాన పడిన తర్వాత ప్రాణాంతకం కావచ్చు. లోపల ఉన్నవారికి ఏమీ తెలియదు, దిగేవారికీ ఎక్కేవారికీ మాత్రమే తగులుతుంది.

బండిని ముట్టుకోకుండా వెళ్లి, పొడి చేతులతో పెడెస్టల్ బ్రేకర్ ఆపి, ఆ తర్వాత ప్లగ్ కూడా తీసేయాలి. లోపల మనుషులు ఉంటే కరెంటు ఆపేదాకా దిగవద్దని చెప్పాలి. తర్వాత ప్లగ్‌లోనూ అడాప్టరులోనూ ఎర్తు పిన్ను ఉందో లేదో, పెడెస్టల్‌లో ఫేజుకూ ఎర్తుకూ మధ్య 120 వస్తోందో లేదో చూడాలి. బండి పక్కన నేలలో ఇనుపకడ్డీ పాతి వైరు కట్టడం పరిష్కారం కాదు. కడ్డీకీ నేలకూ మధ్య నిరోధం 25 ఓములు ఉందనుకుంటే 120 వోల్టులకు పారేది 4.8 ఆంపులే, దానికి 30 ఆంప్ బ్రేకర్ ఎన్నటికీ పడదు, బండి మీద కరెంటు అలాగే ఉంటుంది. తాకకుండానే వోల్టేజీని పసిగట్టే పెన్ను ఆకారపు టెస్టరు ఒకటి తలుపు దగ్గర ఉంచుకొని, ప్లగ్ పెట్టిన ప్రతిసారీ బండి గోడ దగ్గర పెట్టి చూడటం మంచి అలవాటు.

కొన్ని దీపాలు మరీ ప్రకాశంగా, కొన్ని మసకగా వెలుగుతున్నాయి. ఏమి చేయాలి?

కారణం వెతకడం తర్వాత, ముందు బ్రేకర్ ఆపండి. 50 ఆంప్ కనెక్షన్‌లో న్యూట్రల్ తెగితే రెండు వైపుల పరికరాలూ 240 వోల్టుల మధ్య ఒక గొలుసులా కలిసిపోతాయి, వోల్టేజీని వాటి నిరోధాలను బట్టి పంచుకుంటాయి. ఒకవైపు 1,200 వాట్ల హీటరు, అంటే 12 ఓములు, మరొకవైపు 300 వాట్ల చిన్న పరికరాలు, అంటే 48 ఓములు ఉన్నాయనుకుందాం. హీటరు వైపు 48 వోల్టులు, చిన్న పరికరాల వైపు 192 వోల్టులు పడతాయి. అంటే ముందు కాలిపోయేవి టీవీ, చార్జర్ల వంటి సున్నితమైనవే. 30 ఆంప్ కనెక్షన్‌లో న్యూట్రల్ తెగితే ఉన్నది ఒక్క ఫేజే కాబట్టి పరికరాలన్నీ ఆగిపోతాయి తప్ప కాలిపోవు.

రివర్స్ పొలారిటీ అని చూపిస్తోంది, కానీ అన్నీ పనిచేస్తున్నాయి. వదిలేయవచ్చా?

వదిలేయకూడదు. ఫేజూ న్యూట్రల్ తారుమారైనా పరికరాలు నడుస్తాయి, కానీ స్విచ్చులూ బ్రేకర్లూ కోసేది న్యూట్రల్‌ను అవుతుంది. ఆపేసిన పరికరంలో కూడా ఫేజు నిలిచే ఉంటుంది. పెడెస్టల్ మార్చమని అడగండి.

ప్లగ్ చేతికి వేడిగా తగులుతోంది, ఒక పిన్ను నల్లబడింది. శుభ్రం చేసి వాడవచ్చా?

కొద్దిగా వెచ్చబడటం సహజం; చేయి ఆనించి ఉంచలేనంత వేడి లోపం. ఆ వేడి పుట్టేది కనెక్షన్‌లోని నిరోధం వల్ల. లూజ్ కాంటాక్టు దగ్గర ఓములో పదో వంతు నిరోధం ఉందనుకుంటే, 25 ఆంపులు పారినప్పుడు ఆ ఒక్క పిన్ను దగ్గరే 62.5 వాట్ల వేడి పుడుతుంది. పాతకాలపు 60 వాట్ల బల్బును ప్లగ్ లోపల వెలిగించినట్లు అన్నమాట. పలుచటి నలుపు పొరను కరెంటు తీసేసిన తర్వాత సన్నని గరుకు కాగితంతో తీయవచ్చు. గుంటలు పడినా, ప్లాస్టిక్ మెత్తబడినా ప్లగ్‌ను మార్చాలి. కాలిన ప్లగ్‌ను మంచి సాకెట్‌లో పెడితే ఆ సాకెట్ కూడా పాడవుతుంది, తర్వాత వచ్చేవారి ప్లగ్‌కు అదే జబ్బు అంటుకుంటుంది. పార్కులలో ఈ అంటువ్యాధి సాగేది ఇలాగే.

## వాడుతుండగా వచ్చే ఇబ్బందులు

ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ వేస్తే బ్రేకర్ పడిపోతోంది. లోపం ఎక్కడ?

30 ఆంప్ ఆర్‌వీలో ఇది లోపం కాదు, లెక్క. 13,500 బీటీయూ (చల్లబరిచే సామర్థ్యపు కొలత) ఏసీ సుమారు 12 నుంచి 16 ఆంపులు, మైక్రోవేవ్ సుమారు 12, వాటర్ హీటర్ కరెంటు మీద ఉంటే మరో 12 తీసుకుంటాయి. ఖాళీ బ్యాటరీని నింపుతున్న కన్వర్టరు కూడా ఆరేడు ఆంపులు లాగగలదు. ఈ చివరి రెండూ మనకు కనిపించకుండా వాడుకునేవి కాబట్టి లెక్కలో తప్పిపోతాయి. మైక్రోవేవ్ వేసేముందు వాటర్ హీటర్‌ను గ్యాస్ మీదికి మార్చడం అలవాటు చేసుకుంటే సగం ట్రిప్పులు తగ్గుతాయి. గంటల తరబడి వాడే లోడును బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతానికి, అంటే 24 ఆంపులకు, పరిమితం చేసుకోవాలి.

లోడు తక్కువే ఉంది, అయినా పెడెస్టల్ బ్రేకర్ మధ్యాహ్నం పూట పడిపోతోంది. ఎందుకు?

బ్రేకర్ ఒక విధంగా వేడిని కొలిచే పరికరం. ఎండకు కాలిన పెట్టెలో ఉన్నప్పుడు అది తన హద్దు కంటే ముందే పడిపోతుంది. వందలమంది వేసి తీసిన పాత బ్రేకర్లు మరింత బలహీనపడతాయి. పక్కనే ఉన్న లూజ్ కనెక్షన్ వేడి కూడా బ్రేకర్‌కు చేరుతుంది. ఆపి చల్లారనిచ్చి వేస్తే నిలుస్తుంది, ప్లగ్ మరీ వేడిగా లేదు అంటే బ్రేకర్‌ను మార్చమని పార్కువారికి చెప్పండి. వేసిన మరుక్షణమే పడితే అది వేడి వల్ల కాదు, షార్ట్ సర్క్యూట్ కావచ్చు. మళ్లీ మళ్లీ వేయకూడదు.

సాయంత్రమయ్యేసరికి వోల్టేజీ తగ్గిపోతోంది. ఎంతవరకు తగ్గితే ఏసీ ఆపాలి?

120కి అటూ ఇటూ 5 శాతం, అంటే 114 నుంచి 126 వరకు, నిశ్చింతగా వాడవచ్చు. 110కి దిగువన ఏసీ వేయకపోవడం మంచిది. 104 దగ్గర చాలా ఈఎంఎస్‌లు తామే కరెంటు కోసేస్తాయి. పై హద్దు సాధారణంగా 132. వోల్టేజీ తగ్గితే కంప్రెసర్ నెమ్మదిగా తిరిగి ఊరుకోదు. అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, ఒక్కోసారి మొదలుకాలేక గుర్‌మని ఆగిపోతుంది. అలా ఆగిన ఏసీని వెంటనే వేయకుండా, లోపలి పీడనం సమం కావడానికి కనీసం నాలుగైదు నిమిషాలు ఆగాలి. పార్కు నిండిన వేసవి సాయంత్రాలలో అందరి ఏసీలూ ఒకే లైను మీద పడటమే ఈ తగ్గుదలకు మామూలు కారణం, దానికి మీ బండిలో మరమ్మతు చేయవలసింది ఏమీ ఉండదు.

జీఎఫ్‌సీఐ రీసెట్ చేసినా మళ్లీ మళ్లీ ట్రిప్ అవుతోంది. ఏ వస్తువు వల్లనో ఎలా కనుక్కోవాలి?

ఫేజులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటుకూ 4 నుంచి 6 మిల్లీఆంపుల తేడా రాగానే జీఎఫ్‌సీఐ కోసేస్తుంది. దానికి తగిలించినవన్నీ తీసేసి రీసెట్ చేయండి. నిలిస్తే ఒక్కొక్కటి పెడుతూ రండి, పడగొట్టినదే దొంగ. ఏమీ లేకుండానే పడుతుంటే బయటి గోడ మీది సాకెట్‌లోకి నీరు చేరిందేమో చూడాలి. ఆరనిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఏ ఒక్కటీ పడగొట్టకుండా అన్నీ కలిసినప్పుడే పడితే, ఒక్కొక్కటి మిల్లీఆంపు చొప్పున లీకై అవన్నీ కలిసి హద్దు దాటుతున్నాయని అర్థం. పరికరాలను వేర్వేరు జీఎఫ్‌సీఐల మీదికి పంచితే సరిపోతుంది.

వారం రోజులుగా ప్లగ్ పెట్టే ఉంది, అయినా బ్యాటరీ దిగిపోయింది. ఎలా?

120 వోల్టుల నుంచి బ్యాటరీకి కావలసిన కరెంటును తయారుచేసేది కన్వర్టరు. ప్లగ్ పెట్టి ఉన్నప్పుడు బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర 13.2 నుంచి 14.4 మధ్య వోల్టేజీ కనిపించాలి. 12.6 లేదా అంతకంటే తక్కువ ఉండి, గంట తర్వాత కూడా పెరగకపోతే చార్జింగ్ జరగడం లేదు. ముందు బ్యాటరీ డిస్కనెక్ట్ స్విచ్ ‘స్టోర్’ (బ్యాటరీని విడదీసే) స్థానంలో ఉందేమో చూడండి. మా అనుభవంలో మొదటి దోషి అదే. తర్వాత కన్వర్టరు బ్రేకర్, ఆ తర్వాత కన్వర్టరు మీద ఉండే రివర్స్ పొలారిటీ ఫ్యూజులు. బ్యాటరీ మార్చినప్పుడు వైర్లు ఒక్క క్షణం తారుమారుగా తగిలినా ఈ ఫ్యూజులు పోతాయి. లిథియం బ్యాటరీ పెట్టించుకొని పాత కన్వర్టరునే ఉంచుకున్నవారి విషయం వేరు: దానిలో లిథియం సెట్టింగ్ లేకపోతే బ్యాటరీ పూర్తిగా నిండకపోవచ్చు.

## ఇంటి దగ్గర, అడాప్టర్ల మీద, జనరేటరు మీద

ఇంటి గ్యారేజీ సాకెట్‌కు తగిలించగానే ట్రిప్ అవుతోంది, క్యాంప్‌గ్రౌండ్‌లో మాత్రం బాగానే ఉంటుంది. ఎందుకు?

గ్యారేజీ సాకెట్‌కు జీఎఫ్‌సీఐ రక్షణ ఉంటుంది, పెడెస్టల్‌లోని 30, 50 ఆంప్ సాకెట్లకు చాలాచోట్ల ఉండదు. కాబట్టి మీ బండిలోని లీకేజీ క్యాంప్‌గ్రౌండ్‌లోనూ ఉంది, అక్కడ పట్టుకునేవారు లేరు. పానెల్‌లో బ్రేకర్లన్నీ ఆపి ఒక్కొక్కటే వేస్తూ రండి. నీరు లేకుండా ఒకసారి వేసినందుకు కాలిపోయిన వాటర్ హీటర్ ఎలిమెంటు, గ్యాస్ ఫ్రిజ్‌లోని హీటింగ్ ఎలిమెంటు తరచూ దొరికే దోషులు. బ్రేకర్లన్నీ ఆపినా ట్రిప్ అవుతుంటే ఆర్‌వీ పానెల్‌లో న్యూట్రల్, ఎర్తు ఎక్కడో కలిసి ఉండవచ్చు. ఇంటి పానెల్‌లో ఆ రెండూ కలిసే ఉంటాయి, ఆర్‌వీ పానెల్‌లో మాత్రం విడిగానే ఉండాలి. ఇళ్ల పనికి అలవాటుపడినవారు ఆర్‌వీలో చేసే పొరపాటు ఇదే.

50 ఆంప్ ఆర్‌వీని డాగ్‌బోన్ అనే పొట్టి కేబుల్ అడాప్టరుతో 30 ఆంప్‌కు తగిలిస్తే ఏమైనా కాలిపోతుందా?

సరైన అడాప్టరు అయితే కాలదు. అది ఒకే ఫేజును రెండు వైపులకూ పంచుతుంది కాబట్టి లోపల అన్నిటికీ కరెంటు ఉంటుంది, కానీ మొత్తం కలిపి 30 ఆంపులే. రెండు ఏసీలు ఒకేసారి నడపలేరు. 240 వోల్టులతో నడిచే పరికరం ఏదైనా ఉంటే అది పనిచేయదు.

ఇంటి 15 ఆంప్ సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ కార్డుతో ఏసీ నడపవచ్చా?

నడపకపోవడమే మంచిది. సన్నని 16 గేజి కార్డు (గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది) 50 అడుగులదైతే, రానూపోనూ వైరు నిరోధం 0.4 ఓము ఉంటుంది. 15 ఆంపులకు అక్కడే 6 వోల్టులు పోయి, 90 వాట్లు కార్డులో వేడిగా మారతాయి. చుట్ట చుట్టి పడేసిన కార్డులో ఆ వేడి బయటకు పోదు. బ్యాటరీ చార్జింగ్, ఫ్రిజ్ వరకు 12 గేజి కార్డు వాడవచ్చు. 30 ఆంప్ కార్డును పొడిగించాలంటే 10 గేజి ఆర్‌వీ కార్డే వాడాలి.

పోర్టబుల్ జనరేటరుకు తగిలిస్తే ఈఎంఎస్ ‘ఓపెన్ గ్రౌండ్’ అంటోంది. జనరేటరు పాడైందా?

చాలావరకు కాదు. చిన్న ఇన్వర్టరు జనరేటర్లలో న్యూట్రల్‌ను ఎర్తుకు కలపకుండా వదిలేస్తారు. ఈఎంఎస్ దాన్ని ఎర్తు లేనట్లుగా చదువుతుంది. జనరేటరులో ఖాళీగా ఉన్న సాకెట్‌లో న్యూట్రల్-ఎర్తు బాండింగ్ ప్లగ్ పెడితే కోడ్ పోతుంది. అది జనరేటరుకు మాత్రమే. ఆర్‌వీ లోపలి సాకెట్‌లో పెట్టి షోర్ పవర్ వాడితే న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్తు వైరులో పారడం మొదలవుతుంది.

## మరమ్మతు ఎవరు చేయాలి?

వీటిలో నేను స్వయంగా చేయగలిగేవి ఏవి?

చూడటం, కొలవడం, రీసెట్ చేయడం, ఫ్యూజు మార్చడం, కరెంటు పూర్తిగా తీసేసిన తర్వాత కార్డు ప్లగ్ మార్చడం మల్టీమీటరు పట్టడం వచ్చిన ఎవరైనా చేయగలిగినవే. పెడెస్టల్ పెట్టెను మాత్రం విప్పకూడదు. అది పార్కు ఆస్తి, మీ బ్రేకర్ ఆపినా దాని వెనుక లైనులో కరెంటు ఉంటూనే ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ స్విచ్, పానెల్ లోపలి వైరింగ్ ఆర్‌వీ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌వి. ఆయనను పిలిచేముందు లోడు లేనప్పటి వోల్టేజీ, లోడు ఉన్నప్పటి వోల్టేజీ, ఎర్రర్ కోడ్, ఆ సమయంలో ఏమేమి నడుస్తున్నాయన్నది ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఆయన వచ్చే సమయానికి లోపం దాక్కున్నా ఆ నాలుగు వివరాలతో దాని జాడ పట్టుకోగలుగుతారు.